ఉద్యోగం - చట్టం: రాజీనామా పెట్టమంటే పెట్టేయాలా?

ప్రశ్న: గచ్చిబౌలిలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్ట్ లీడ్‌ని. సర్వీసు 5 ఏళ్ల 8 నెలలు. ప్రాజెక్టు అయిపోయిందట, సాయంత్రంలోగా పోర్టల్‌లో రాజీనామా పెట్టకపోతే తీసేస్తాం, రిలీవింగ్ లెటర్ కూడా ఇవ్వం అంటోంది హెచ్‌ఆర్. కార్మిక చట్టాలు మాకు వర్తించవు కదా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: రాజీనామా మాత్రం పెట్టకండి. తనంతట తాను మానేసిన వారికి రిట్రెంచ్‌మెంట్ (తప్పు లేకుండానే కంపెనీ తీసేయడం) పరిహారం రాదు. తీసేసే కంపెనీ మిమ్మల్నే రాజీనామా పెట్టమని ఒత్తిడి చేసేది అందుకే.

ఇక చట్టం సంగతి. 2025 నవంబరు 21 నుంచి పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. అందులో వర్కర్ అంటే సాంకేతిక పని చేసేవారు కూడా. వారికి జీతం పరిమితి లేదు. ప్రధానంగా మేనేజర్ పని చేసేవారు, నెలకు 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లు మాత్రం దీని పరిధిలోకి రారు. మీ పేరు పక్కనున్న ‘లీడ్’ చూపించి కంపెనీ వాదించేది ఇక్కడే. అయితే హోదా కాదు, అసలు పని చూడాలని సుప్రీంకోర్టు 1994లో ఎస్.కె. మైని కేసులో చెప్పింది. సెలవులు మంజూరు చేసేది, రేటింగ్ ఖరారు చేసేది మీరేనా? రోజులో ఎక్కువ భాగం స్క్రిప్టులు రాయడం, బగ్‌లు నమోదు చేయడమే అయితే మీ వాదనకు బలముంది.

లెక్క చూడండి. కోడ్ ప్రకారం మీ వేతనం నెలకు 80,000 అనుకుందాం. నెల నోటీసు లేదా ఆ నెల వేతనం. ఏడాదికి 15 రోజుల చొప్పున పరిహారం; ఆరు నెలలు దాటిన భాగం ఏడాది కింద లెక్క కాబట్టి 6 × 40,000 = 2,40,000. రీస్కిల్లింగ్ ఫండ్ (తీసేసిన వారు కొత్త నైపుణ్యాలు నేర్చుకునేందుకు పెట్టిన నిధి) కింద మరో 15 రోజుల వేతనం, 45 రోజుల్లో మీ ఖాతాలోకి. గ్రాట్యుటీ 80,000 × 15/26 × 6, అంటే సుమారు 2,76,900. రాజీనామా చేసినా ఇది పోదు, మిగతావి పోతాయి.

ఇవాళే హెచ్‌ఆర్‌కి సొంత మెయిల్ నుంచి రాయండి: “నేను స్వచ్ఛందంగా రాజీనామా చేయడం లేదు. తొలగించదలిస్తే కారణాలతో రాతపూర్వక నోటీసు ఇవ్వండి.” ఆఫర్ లెటర్, పేస్లిప్పులు, అప్రైజల్ లెటర్లు దాచుకోండి, లాగిన్ ఏ క్షణాన్నైనా ఆగిపోవచ్చు. క్లయింట్ డేటా, సాఫ్ట్‌వేర్ కోడ్ మాత్రం ముట్టుకోవద్దు. వాటిని సొంత మెయిల్‌కి పంపితే దుష్ప్రవర్తన కింద తొలగించడానికి సాకు దొరుకుతుంది. తొలగిస్తే కార్మికశాఖలో రాజీ కుదిర్చే కన్సిలియేషన్ అధికారికి దరఖాస్తు ఇవ్వండి. 45 రోజుల్లో తేలకపోతే నేరుగా పారిశ్రామిక ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. తొలగించిన తేదీ నుంచి గడువు రెండేళ్లు.

రిలీవింగ్ లెటర్ బెదిరింపుకి అంత భయపడక్కర్లేదు. మీ సర్వీసు పీఎఫ్ రికార్డులో ఉంటుంది. కంపెనీ ఎగ్జిట్ తేదీ వేయకపోతే, చివరి చందా జమైన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు.

ప్రశ్న: నేను డెలివరీ మేనేజర్‌ని. ఉద్యోగం మానేశాక ఫైనల్ సెటిల్‌మెంట్‌కి 45 రోజులు ఆగమంటున్నారు. అడగొచ్చా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నిస్సందేహంగా. వేతనాల కోడ్ మేనేజర్లకూ వర్తిస్తుంది. రాజీనామా చేసినా, తీసేసినా రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీకి 30 రోజులు. ‘ఇక నాకే క్లెయిమూ లేదు’ అన్న కాగితం మీద సంతకం అడిగితే, డబ్బు ఖాతాలో పడ్డాకే చేయండి.

ప్రశ్న: రెండేళ్ల బాండ్ రాశాను. బాండ్లు చెల్లవని స్నేహితులంటున్నారు, నిజమేనా?
- ఒక ఫ్రెషర్

జవాబు: అన్నీ చెల్లకుండా పోవు. విజయా బ్యాంకు కేసులో 2025లో సుప్రీంకోర్టు 2 లక్షల బాండ్‌ని సమర్థించింది. కాకపోతే అది మళ్లీ నియామకాల ఖర్చు మోయాల్సిన ప్రభుత్వ రంగ బ్యాంకు. మీ కంపెనీ శిక్షణకు నిజంగా ఎంత పెట్టిందో రాతపూర్వకంగా అడగండి. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం దక్కేది సమంజసమైన పరిహారమే. బాండ్‌లో రాసిన మొత్తం దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే.