జీన్ రిపోర్టులో ‘వీయూఎస్’ అని వస్తే ఆపరేషన్ చేయించుకోవాలా?

ప్రశ్న: మా అక్కకు 41 ఏళ్లకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. రక్తంతో చేసిన జీన్ పరీక్షలో, క్యాన్సర్ ముప్పుతో ముడిపడిన జన్యువు బీఆర్‌సీఏ2లో ‘వీయూఎస్’ ఉందని రాశారు. నన్నూ ఆ పరీక్ష చేయించుకొని, ముందుజాగ్రత్తగా అండాశయాలు తీయించుకోమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: వీయూఎస్ అంటే ‘ప్రభావం తేలని మార్పు’. ఆ ఒక్క మాట చూసి ఆపరేషన్‌కు వెళ్లకండి. జన్యువులో మార్పు కనిపించింది గానీ, అది హాని చేసేదో కాదో తేల్చే ఆధారాలు చాలలేదని దానర్థం.

ల్యాబ్‌లో డీఎన్‌ఏను ముక్కలు చేసి చదువుతారు. సాఫ్ట్‌వేర్ అలా చదివిన ముక్కలను (వీటినే రీడ్లు అంటారు) ప్రామాణిక మానవ జీనోమ్‌తో సరిపోల్చి తేడాలు పట్టుకుంటుంది. ఒకే చోటును వందసార్లు చదివితే, పుట్టుకతో వచ్చిన మార్పు దాదాపు సగం రీడ్లలో కనిపించాలి. పది పదిహేనింటిలోనే ఉంటే అది చదవడంలో పొరపాటో, కొన్ని రక్తకణాల్లో తర్వాత పుట్టిన మార్పో అయ్యుండొచ్చు.

అసలు కష్టం ఆ తర్వాతే. ఆ మార్పు జనాభా డేటాబేసుల్లో ఎంత అరుదు, ప్రోటీన్‌ను మధ్యలో తెంచేస్తుందా, కుటుంబంలో జబ్బు వచ్చినవాళ్లందరిలో ఉందా అని తూచి, 2015 నాటి అమెరికా వైద్య జన్యుశాస్త్ర సంస్థ (ఏసీఎంజీ) మార్గదర్శకాల ప్రకారం ఐదు తరగతుల్లో ఒకదాంట్లో వేస్తారు. ‘బహుశా హానికరం’ అనడానికే 90 శాతానికి మించిన నమ్మకం కావాలి. మీ అక్క రిపోర్టు అక్కడికి చేరలేదు. పైగా, తర్వాత తేలిన వీయూఎస్‌లలో ఎక్కువ భాగం హాని లేనివే.

బీఆర్‌సీఏ2లో హానికరమని తేలిన మార్పు ఉన్న స్త్రీలకు 80 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 69 శాతం, అండాశయ క్యాన్సర్ ముప్పు 17 శాతం. ఈ అంకెలను వీయూఎస్‌కు అంటగట్టకూడదు. ఆ మార్పు మీలో ఉన్నా లేకున్నా మీ ముప్పు గురించి ఏమీ తేలదు కాబట్టి, దానికోసమే పరీక్ష అక్కర్లేదు. అక్కకు చిన్న వయసులో వచ్చిందన్నదే మీకు ముఖ్యం. స్క్రీనింగ్ ఎప్పుడు మొదలుపెట్టాలో జెనెటిక్ కౌన్సెలర్‌తో లెక్క వేయించుకోండి.

అక్క పరీక్షలో పెద్ద డిలీషన్లు (జన్యువులో పెద్ద ముక్కే లేకపోవడం) కూడా చూశారా అని అడగండి. చిన్న రీడ్లకు అవి తప్పిపోవచ్చు, ఎంఎల్‌పీఏ అనే మరో పరీక్షతో దొరుకుతాయి. ఆ మార్పు కోడ్ రాసిపెట్టుకొని, ఏడాదికోసారి తరగతి మారిందేమో ల్యాబ్‌ను అడగండి.

ప్రశ్న: పీడీఎఫ్ రిపోర్టు దాచుకుంటే చాలా?

జవాబు: చాలదు. వీసీఎఫ్, ఫాస్ట్‌క్యూ ఫైళ్లు కూడా తీసుకోండి. మామూలు వీసీఎఫ్‌లో తేడాలే ఉంటాయి. అందులో లేని చోటు బాగున్నట్టా, అసలు చదవనట్టా తెలియదు. మళ్లీ మొదటినుంచి విశ్లేషించాలంటే, చదివిన రీడ్లన్నీ ఉండే ఫాస్ట్‌క్యూ ఉండాల్సిందే.