రాణి అంత బలమైనదైతే, ఒక్క గడి కదిలే రాజుకే ఎందుకంత ప్రాధాన్యం?

కొన్నేళ్లుగా పిల్లలకు చదరంగం నేర్పుతున్నాను. మీకు వచ్చిన ఈ సందేహం దాదాపు ప్రతి పిల్లవాడికీ వస్తుంది. రాణి బలం మొదటి రోజే అర్థమవుతుంది గానీ, రాజు బలం తెలియడానికి చాలాకాలం పడుతుంది.

దారి ఖాళీగా ఉన్నంతమేర రాణి అడ్డంగా, నిలువుగా, ఐమూలగా ఎంత దూరమైనా వెళ్తుంది. ఖాళీ బల్ల మధ్యలో నిలిపితే 27 గడులు ఆమె అదుపులో ఉంటాయి. రాజుకు అక్కడ ఎనిమిదే, మూలలోనైతే మూడే. అయితే విలువ ఎక్కువ కావడమే రాణికి చిక్కు కూడా. బంటును ఒకటిగా లెక్కిస్తే రాణి తొమ్మిది కనుక, మూడు విలువ చేసే గుర్రం బెదిరించినా ఆమె సాధారణంగా తప్పుకోవలసిందే. కొత్తగా నేర్చుకొనేవారు ఇ4, ఇ5 ఎత్తుల (గడి పేరులో అక్షరం నిలువు వరుసను, అంకె అడ్డు వరుసను చెబుతుంది) తర్వాత వెంటనే రాణిని హెచ్5కు తెచ్చి నాలుగు ఎత్తుల్లో ఆట కట్టించాలని, అంటే రాజుకు తప్పించుకునే దారి లేకుండా చేసి గెలవాలని ఉబలాటపడతారు. ఎదుటివారు ఒక గుర్రాన్ని సి6కు తెచ్చి ఇ5 బంటును కాపాడుకొని, తెల్ల శకటం సి4కు రాగానే జి6 బంటుతో రాణిని తరిమి, ఆమె ఎఫ్3కు వెళ్తే రెండో గుర్రాన్ని ఎఫ్6లో అడ్డుపెడితే, దాడి అక్కడితో చల్లారిపోతుంది; పైగా వారి రెండు గుర్రాలూ బయటికి వచ్చేస్తాయి.

రాజుకు ఇలాంటి అంకె లేదు, ఎందుకంటే ఏ కాయకు బదులుగానూ అతన్ని ఇవ్వలేము. అందుకే ఆరంభంలో క్యాజ్లింగ్ చేసి, అంటే రాజును ఏనుగు వైపు రెండు గడులు జరిపి, ఏనుగును అతని అవతలి పక్కన నిలిపి, దాచుకుంటాము. రాణులు రెండూ బల్ల దిగిపోయాక మాత్రం అతన్ని దాచి ఉంచడం దండగ. ఉదాహరణకు బల్లపై మరే కాయా లేకుండా తెల్లరాజు ఇ6లో, అతని బంటు ఇ5లో, నల్లరాజు ఇ8లో ఉంటే ఎత్తు ఎవరిదైనా తెలుపుదే గెలుపు; రాజు ముందుండి బంటును చివరి వరుసకు చేర్చి రాణిగా మార్చగలడు. అదే తెల్లరాజు బంటు వెనక ఇ4లో ఉండిపోయి, నల్లరాజు ఇ7లో అడ్డు నిలిస్తే, సరిగా ఆడితే అది డ్రా. 1991లో నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో ఇంగ్లండ్ గ్రాండ్‌మాస్టర్ నైజెల్ షార్ట్ రాణులు బల్లపై ఉండగానే తన రాజును జి5 వరకు నడిపించి డచ్ గ్రాండ్‌మాస్టర్ యాన్ టిమ్మన్‌పై గెలిచాడు గానీ, ఆ సాహసం మనకు వద్దు.

ఒంటరి రాజుకు రాణి ఒక్కతే ఆట కట్టించలేదన్నది కూడా గమనించండి. ఎదుటి రాజుకు గుర్రపు ఎత్తు దూరంలో రాణిని నిలిపి, అతను ఎటు జరిగితే అటే జరుపుతూ పోతే మూలకు చేరతాడు. అతను ఎ8లో చిక్కినప్పుడు రాణిని బి6లోనో సి7లోనో పెడితే స్టేల్‌మేట్ అయి (అంటే రాజుకు షా లేకపోయినా కదలడానికి గడి మిగలక) గెలిచే ఆట డ్రాగా ముగుస్తుంది. రాణిని డి7లో ఆపితే అతను ఎ8, బి8 గడుల మధ్యే తిరుగుతుంటాడు. ఈలోగా మీ రాజును అక్కడికి తీసుకురండి.