‘వివాదాస్పద హాస్యగాడు’ అనవచ్చునా?

సందేహం: బ్రిటన్ నటుడు బెన్నీ హిల్ గురించి మా సంఘం సంచికకు వ్యాసం రాస్తూ ‘వివాదాస్పద హాస్యగాడు బెన్నీ హిల్ 1924లో సౌతాంప్టన్‌లో పుట్టాడు’ అని మొదలుపెట్టాను. ‘వివాదస్పద’ అనే రాయాలనీ, ‘హాస్యగాడు’ అంటే కించపరచడమనీ ఒక మిత్రుడు అన్నారు. ఏది సరి?

సమాధానం: మొదటి విషయంలో మీదే సరి. వివాద, ఆస్పద అనే మాటలు సవర్ణదీర్ఘ సంధితో కలిస్తే ‘వివాదాస్పద’ అవుతుంది కనుక ‘దా’ దీర్ఘం పోవడానికి వీల్లేదు. ఆస్పదం అంటే చోటు. ‘అనుమానాస్పదం’, ‘హాస్యాస్పదం’ కూడా ఇలా ఏర్పడినవే. అయితే హాస్యాస్పదమంటే నవ్వించేది కాదు, నవ్వులపాలయ్యేది. కాబట్టి హాస్యనటుణ్ణి పొరపాటున కూడా హాస్యాస్పదుడు అనకండి.

ఇక ‘హాస్యగాడు’. రాముగాడు, సుబ్బిగాడు అన్నప్పుడు పేరు చివర చేరే ‘గాడు’ చనువునో చులకననో చెబుతుంది. విలుకాడు, వేటగాడు, ఆటగాడు అన్నప్పటి ప్రత్యయం వేరు; పాతకాలపు రాతలో అరసున్నతో ‘కాఁడు’గా కనిపించే అది ఆ పనిలో నేర్పుగలవాడనే అర్థాన్నిస్తుంది, దానికి జోడుగా స్త్రీలకు మాటకత్తె, ఆటకత్తె ఉన్నాయి. వీధి భాగవతాల్లో హాస్యగాడు లేనిదే ఆట రక్తికట్టదు. కాబట్టి మాటలో అవమానమేమీ లేదు, కానీ నేటి చదువరి చెవికి ముందుగా ఆ మొదటి ‘గాడు’ వినిపిస్తుంది గనుక వ్యాసంలో ‘హాస్యనటుడు’ అనడమే నిరపాయం. నన్నడిగితే మాత్రం, తాతా తండ్రీ సర్కస్‌లో బఫూన్లుగా చేసిన ఇంట పుట్టి, అమెరికన్ హాస్యనటుడు జాక్ బెన్నీ మీది అభిమానంతో ఆల్‌ఫ్రెడ్ అన్న సొంత పేరు వదిలి బెన్నీ అయిన మనిషికి హాస్యగాడు అన్న మాటే ఎక్కువ అతుకుతుంది.

మీరు పంపిన ప్రతిలో ఇంకో రెండు మాటలు నన్ను ఆపాయి. ఆయన కుర్రతనంలో ఈస్ట్‌లీలో ‘పాలు పోసేవాడు’ అన్నారు. కొలపాత్రతో గిన్నెలోకి కొలిచే మన వాడుకకు ‘పోయడం’ సరిపోతుంది. అక్కడ సీసాలు గుమ్మం ముందు పెట్టి వెళ్లేవారు. పేపరు వేసినట్టు, ప్యాకెట్లు వేసినట్టు ‘పాలు వేసేవాడు’ అంటే దృశ్యానికి దగ్గరగా ఉంటుంది. ఆ అనుభవంతోనే ఆయన పాలబండివాడి మీద రాసి పాడిన సరదా పాట 1971 క్రిస్మస్‌కు బ్రిటన్‌లో అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలిచింది. రెండోది ‘సినీ ప్రస్థానం’. సినిమాల్లో ఆయన వేసినవి కొద్దిపాటి వేషాలే. పేరు తెచ్చినది బుల్లితెర: 1955లో బీబీసీలో మొదలై, 1969 నుంచి 1989 వరకు థేమ్స్ టెలివిజన్‌లో నడిచిన ‘ది బెన్నీ హిల్ షో’. అందుచేత ‘తెర జీవితం’ అంటే రెండూ ఇమిడిపోతాయి.

ఇప్పుడు అసలు చిక్కు మీ వాక్యపు వరుసలో ఉంది. వివాదాస్పద అన్న విశేషణాన్ని పుట్టుక చెప్పే వాక్యంలో పేరుకు ముందు తగిలిస్తే, పుట్టిన పసివాడే తగవు తెచ్చినట్టు ధ్వనిస్తుంది. అరకొర దుస్తుల్లో ఉన్న ఆడవాళ్ల చుట్టూ, వేగం పెంచి చూపే పరుగుల చుట్టూ అల్లిన హాస్యం స్త్రీలను చులకన చేస్తోందన్న విమర్శ 1980ల్లో ముదిరింది. ఆ పరుగుల్లో చివరికి వెర్రివాళ్లయ్యేది మగవాళ్లేనని ఆయన పక్షంవారు వాదించారు. చైనావాడిగా వేషం కట్టి, యాసను వెక్కిరించిన ఘట్టాలకు మాత్రం ఆ సమర్థన చెల్లదు. 1989లో థేమ్స్ ఆ కార్యక్రమాన్ని ఆపేసింది, 1992 ఏప్రిల్‌లో ఆయన మరణించారు.

కనుక వివాదాన్ని దాని కాలంలోనే ఉంచి ఇలా రాయండి: ‘1924లో సౌతాంప్టన్‌లో పుట్టిన హాస్యనటుడు బెన్నీ హిల్ టీవీ కార్యక్రమం 1980ల్లో వివాదాస్పదమైంది.’