హైలైటర్ పక్కన పెట్టి పెన్సిల్ పట్టుకోండి

ప్రశ్న: డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఇప్పుడు సివిల్స్‌కు ప్రిపేరవుతున్నాను. నవల అయితే ఒక్క రాత్రిలో పూర్తి చేస్తాను. ఎకానమీ పుస్తకమో, ఎడిటోరియలో పట్టుకుంటే మూడో పేరాకి వచ్చేసరికి మొదటిది మరచిపోతున్నాను. అండర్‌లైన్ చేస్తూ చదివినా అంతే. పోయినసారి ప్రిలిమ్స్‌లో (తొలి దశ పరీక్ష) జీఎస్ (జనరల్ స్టడీస్) బాగానే చేశాను కానీ సీశాట్ (ఆప్టిట్యూడ్ పేపర్) పాసేజ్‌ల దగ్గర దెబ్బతిన్నాను. తెలుగు న్యూస్‌పేపర్ మానేసి ఇంగ్లిష్‌దే చదవమని స్నేహితులు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక అభ్యర్థిని, నల్లగొండ జిల్లా

జవాబు: ముందు ఒక భయం తీసేద్దాం. రాత్రికి రాత్రి నవల చదివి, అందులో ఎవరు ఎవరికి ఏమవుతారో మర్నాడు చెప్పగలిగిన మనిషికి మతిమరుపు ఎక్కడిది? నవలలో 'తర్వాత ఏమైంది' అన్న ఆత్రమే మిమ్మల్ని లాక్కుపోతుంది. వ్యాసంలో ఆ ఆత్రం ఉండదు. అక్కడ ఒక పేరాను ఇంకో పేరాకు కట్టిపడేసేది రచయిత వాదన. అది పట్టుబడకపోతే ప్రతి వాక్యమూ ఒక విడి బిట్టే. మీరు చేస్తున్నది బిట్లు బట్టీ పట్టడమే తప్ప వ్యాసం చదవడం కాదు.

నా దగ్గరికి వచ్చే అభ్యర్థుల పుస్తకాలు చూస్తుంటాను. పేజీకి ముప్పై వాక్యాలుంటే పాతిక పసుపు రంగులో మెరుస్తుంటాయి. అన్నీ ముఖ్యమైతే ఇక ఏదీ ముఖ్యం కానట్టే కదా. మీరు ఒక్క పని చేయండి. పేరా అయిపోగానే 'ఇందులో ఏముంది' అని కాకుండా 'ఈ పేరా ఇక్కడ ఏం పని చేస్తోంది' అని అడగండి. జవాబు రెండు మూడు మాటల్లో మార్జిన్‌లో పెన్సిల్‌తో రాయండి.

చేసి చూపిస్తాను. ఎడిటోరియల్ ధోరణిలో నేనే ఒక పేరా రాస్తున్నాను.

"1977 నవంబర్ 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో వేలాది మంది ప్రాణాలు పోయాయి. గాలి కన్నా సముద్రపు నీరే ఎక్కువ మందిని బలి తీసుకుంది. 2014 అక్టోబర్ 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ కూడా పెను తుపానే. అయితే ఆనాటికి హెచ్చరికలు ముందే అందాయి, తీరంలోని జనాన్ని పెద్దఎత్తున తరలించారు. రాష్ట్రంలో మృతుల సంఖ్య వంద దాటలేదు. కాబట్టి తుపానును ఆపలేకపోయినా చావులను ఆపవచ్చు."

మొదటిసారి చదివినప్పుడు మీ చేయి ఎక్కడికి పోతుంది? తేదీల మీదికి. నాకు తెలుసు, పోటీ పరీక్షల అలవాటు అది. కానీ ఈ పేరాలో తేదీలు కూలి పని చేస్తున్నాయి, యజమాని చివరి వాక్యం. మొదటి రెండు వాక్యాల పక్కన 'అప్పటి నష్టం' అని రాయండి. మూడో వాక్యం పక్కన 'పోలిక'. 'అయితే' దగ్గర 'తేడాకు కారణం'. 'కాబట్టి' దగ్గర 'అసలు మాట'. ఇప్పుడు పేరా మూసేసి ఈ నాలుగు ముక్కలూ చూసి చెప్పండి, మొత్తం గుర్తొస్తుంది.

ఇక్కడితో ఆగితే సగమే. కట్టడం కనబడ్డాక బీటలు కూడా కనబడతాయి. దివిసీమ పల్లపు డెల్టా, విశాఖ కొండల ఊరు. అక్కడ ఊళ్ల మీదికి వచ్చినంత ఉప్పెన ఇక్కడ రాలేదు. మృతులు తగ్గడానికి హెచ్చరికలే కారణమని తేల్చాలంటే ఆ రెండు తీరాలూ ఒకటేనని అనుకోవాలి. నేను రాసిన పేరా ఆ మాట చెప్పకుండానే దాటేసింది. సీశాట్‌లో 'రచయిత ఏం ఊహించుకున్నారు' అని అడిగే ప్రశ్నలకు జవాబు దొరికేది ఇలాంటి చోటే. తప్పు ఆప్షన్లు కూడా ఇక్కడే పుడతాయి. పాసేజ్‌లో ఉన్న మాటే ఆప్షన్‌గా ఇస్తారు, కానీ అది ఉదాహరణే, వాదన కాదు. వాక్యం కనబడిందని టిక్కు పెట్టేస్తాం. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు పోతుంది. 80 ప్రశ్నల పేపర్లో 33 శాతం వస్తే చాలని నిర్లక్ష్యం చేసినవాళ్లు ఇలాగే మునుగుతారు.

అన్నీ పోలికలతోనే నడవవు. దివిసీమ గురించే గంట గంటకూ ఏం జరిగిందో రాస్తే అది కాలక్రమం. నీళ్లు అంత లోపలికి ఎందుకు వచ్చాయో రాస్తే కారణం, ఫలితం. తుపాను షెల్టర్లు ఎక్కడ కట్టాలో రాస్తే సమస్య, పరిష్కారం. పేపర్లో వార్త అయితే ముఖ్యమైనది మొదటి పేరాలోనే చెప్పేస్తుంది, కిందికి వెళ్లేకొద్దీ పలుచబడుతుంది. ఎడిటోరియల్ చాలాసార్లు దానికి ఉల్టా. ఎదుటివాళ్ల వాదన ముందు మర్యాదగా చెప్పి, 'అయితే' అని అప్పుడు మొదలుపెడుతుంది. ఆ మొదటి పేరానే రచయిత అభిప్రాయం అనుకుంటే మొత్తం తలకిందులవుతుంది.

పుస్తకాల సంగతి ఒక్క మాటలో చెబుతాను. విషయసూచిక మీద పది నిమిషాలు కూర్చోనిదే మొదటి అధ్యాయం తెరవకండి.

ఇంగ్లిష్ దగ్గర మీకు అదనంగా ఒక చిక్కు ఉంది. మన వాక్యంలో షరతులు, మినహాయింపులు అన్నీ ముందు వచ్చి అసలు క్రియ చివర పడుతుంది. ఇంగ్లిష్‌లో తరచూ అసలు మాట ముందే అయిపోతుంది, మినహాయింపులు వెనకాల తోకలా వస్తాయి. వాక్యాన్ని మనసులో తెలుగులోకి తిప్పుకుంటూ చదివితే ప్రతిసారీ చివరి దాకా వెళ్లి వెనక్కి రావాలి. రెండు గంటల పరీక్షలో అంత తీరిక ఉండదు. అందుకే వాక్యాలను అనువదించకండి. 'హౌఎవర్', 'దేర్‌ఫోర్', 'ఆల్‌దో' కనబడిన చోట పెన్సిల్ ఆపి, వాదన ఎటు తిరిగిందో చూడండి.

ఇక న్యూస్‌పేపర్ మాట. ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది కాబట్టి ఇంగ్లిష్ పాసేజ్‌లు తప్పవు. అలాగని తెలుగు పేపర్ మానకండి. రెండు వారాలు రోజుకొక తెలుగు ఎడిటోరియల్‌కు మార్జిన్ మాటలు రాయండి. భాషతో కుస్తీ లేదు కాబట్టి కట్టడం త్వరగా కనబడుతుంది. మూడో వారం నుంచి అదే పని ఇంగ్లిష్‌లో, రోజుకొక్కటే, ఇరవై నిమిషాలు. మెయిన్స్ (రెండో దశ రాత పరీక్ష) తెలుగులో రాసే ఆలోచన ఉంటే ఆ తెలుగు ఎడిటోరియల్స్‌ను తర్వాత కూడా వదలొద్దు. ఎస్సే పేపర్ 250 మార్కులకు, అందులో రెండు వ్యాసాలు రాయాలి. మీ వ్యాసం రాసే ముందు ప్రతి పేరాకూ ఒక మార్జిన్ మాట రాసుకోండి. ఏ పేరాకు మాట దొరకలేదో దాన్ని రాయకండి.