రెండున్నరేళ్ళ పాప నన్ను ఒక్క నిమిషం వదలట్లేదు, ఏం చెయ్యాలి?

పాపకి రెండున్నరేళ్ళు, ఒంటరిగా అసలు ఆడుకోదు, బాత్రూం తలుపు వేసుకున్నా బయట నిలబడి ఏడుస్తుంది, ఎక్కువ ఎత్తుకుని నేనే చెడగొట్టానా అని అడిగారు. ముందు ఆ చివరి మాటకే జవాబు. లేదండీ, మీరేమీ చెడగొట్టలేదు.

మా బాబుకి ఇప్పుడు ఏడేళ్ళు. మూడో ఏడు నిండేదాకా వాడూ అంతే. చంక దిగేవాడు కాదు, దింపితే కాళ్ళకి చుట్టుకునేవాడు. "ఏడ్వగానే ఎత్తుకుంటే ఇలాగే అవుతారు" అని నాకూ అందరూ చెప్పారు. కానీ 1972లో సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశీలనలో కనిపించింది దీనికి విరుద్ధం. మొదటి నెలల్లో ఏడుపుకి తల్లి వెంటనే పలికిన పిల్లలు ఏడాది నిండేసరికి తక్కువ ఏడ్చారు. పైగా పుట్టుకతోనే కాస్త గట్టి స్వభావంతో వచ్చే పిల్లలు ఉంటారు. "మా పిల్లలు ఇలా లేరే" అన్నవాళ్ళ మాట మనసులో పెట్టుకోకండి, వాళ్ళ పిల్లలు వేరు.

నా వల్ల జరిగిన తప్పులు మాత్రం రెండున్నాయి.

ఒకటి, వాడు ఆటలో పడ్డాక చెప్పకుండా జారుకోవడం. ఏడుపు తప్పుతుందనుకునేదాన్ని. వారం తిరక్కుండానే వాడు బొమ్మ పట్టుకుని కూడా నిమిషానికోసారి తలెత్తి నేనున్నానా అని చూడటం మొదలుపెట్టాడు. ఏ క్షణం మాయమవుతానో తెలియనప్పుడు ఆట మీద మనసెలా నిలుస్తుంది? అప్పట్నుంచి ప్రతిసారీ చెప్పే వెళ్ళాను. ఆ వయసుకి పది నిమిషాలంటే తెలియదు కాబట్టి "ఈ గిన్నెలు కడగ్గానే వస్తా" అనేదాన్ని. గిన్నెలు అవగానే, ఇంకో పని కళ్ళెదుట ఉన్నా సరే, వచ్చి కూర్చునేదాన్ని. మొదట్లో ఏడ్చాడు. ఏడవనివ్వండి, చెప్పిన మాట ప్రకారం తిరిగి రావడమే ముఖ్యం.

రెండోది చెప్పడానికి ఇప్పటికీ బాధగా ఉంటుంది. రోజంతా వాడితోనే ఉన్నాను అనుకునేదాన్ని, కానీ చేతిలో ఫోను, నోట్లో "ఊ, ఊ". ఒకరోజు వాడు రెండు చేతులతో నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకున్నాడు. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో చేసిన ప్రయోగం గురించి ఆ తర్వాత చదివాను. తల్లి ఎదురుగానే ఉండి మొహంలో ఏ కదలికా లేకుండా కొద్ది నిమిషాలు కూర్చుంటే, పసిబిడ్డ నవ్వుతుంది, చేతులు చాపుతుంది, చివరికి ఏడుస్తుంది. మావాడు చేసిందీ అదే కదా అనిపించింది.

ఇక ఫోను వేరే గదిలో పెట్టి రోజూ ఉదయం పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు కింద కూర్చున్నాను. ఏ ఆటో వాడి ఇష్టం. నేర్పించడం, సరిదిద్దడం లేవు. వాడు అడగకముందే నా ధ్యాసంతా ఇవ్వడం అన్నమాట. రెండు వారాలు ఏ మార్పూ లేదు, విసుగొచ్చింది. మూడో వారంలో ఆట మధ్యలో నన్ను మర్చిపోవడం మొదలైంది. అప్పుడు పక్కనే బట్టలు మడతపెట్టుకున్నాను, కొన్నాళ్ళకి కుర్చీలోకి, తర్వాత గుమ్మం దగ్గరికి జరిగాను. ఇక్కడొక జాగ్రత్త. ఒంటరిగా ఆడుకుంటున్నాడని ముచ్చటపడి "శభాష్ నాన్నా" అన్నానంటే అంతే, లేచి వచ్చేసేవాడు. పాప తనంతట తాను ఆటలో మునిగితే చూడనట్టే ఉండండి.

వంటగదిలోకి వస్తే తరమకుండా పని ఇవ్వండి. సాక్సులు జతచేయడం, గరిటెలు డబ్బాలో వేయడం. మీ పని ఆలస్యమవుతుంది, నిజమే. టీవీ పెడితే ఆ అరగంట నాకూ ప్రశాంతంగానే ఉండేది, ఆపగానే పేచీ రెట్టింపయ్యేది.

పేరు పిలిచినా పలకకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం లాంటివి ఉంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి పిల్లల డాక్టరుకి చూపించండి.

మీ సంగతి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఒక సాయంత్రం నేను వాడి మీద గట్టిగా అరిచాను, చేతులు వణికాయి. వాడిని మంచం మీద కాదు, పడే భయం లేకుండా కింద బొమ్మల దగ్గర కూర్చోబెట్టి పక్క గదిలో ఐదు నిమిషాలు ఊపిరి తీసుకున్నాను. అలా చేయడం తప్పు కాదండీ. ఆ రాత్రే మా ఆయనకి చెప్పాను, వారానికి రెండుసార్లు గంటసేపు బాబు నీ దగ్గరే అని. ఇంట్లోనే ఉంటే వాడు నన్ను వెతుక్కుంటూ వస్తాడు కాబట్టి చెప్పులేసుకుని బయటికే వెళ్ళిపోయేదాన్ని. మొదటిసారి గంటా ఏడ్చాడట. నాలుగోసారి నేను తిరిగొచ్చేసరికి వాళ్ళ నాన్న వీపెక్కి ఉన్నాడు, నావైపు ఒకసారి చూసి మళ్ళీ ఆటలో పడ్డాడు. మీ ఇంట్లో ఆ గంట ఎవరు తీసుకోగలరో ఈరోజే అడగండి.