అందరూ గ్రామర్ అంటారు, నేను ‘అట’ అంటాను

ప్రశ్న: ఇంగ్లీషు రెండో భాషగా నేర్చుకుని యూనివర్సిటీకి వచ్చినవాళ్ళకి అకడమిక్ రైటింగ్ ఎందుకంత కష్టం? గ్రామర్ గట్టిపడితే సరిపోతుందా?

సరిపోదు. గ్రామర్ బాగానే వచ్చినవాణ్ణి, అయినా బోల్తాపడ్డాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

పీజీ రెండో ఏడాది. చవుడు నేలల మీద డిసర్టేషన్. ఇంతకుముందు ఎవరేం కనిపెట్టారో చెప్పే లిటరేచర్ రివ్యూ చాప్టర్ పదిహేను రాత్రులు కూర్చుని రాసి ఇస్తే, కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో సిమిలారిటీ, అంటే ఇతరుల రాతతో పోలిక, 38 శాతం వచ్చింది. పేజీలన్నీ ఎర్రగా ఉన్నాయి. కాపీ కొడుతున్నానన్న ఆలోచనే నాకు లేదు. పేపర్లో వాక్యం చదవడం, నాలుగు మాటలకి పర్యాయపదాలు వెయ్యడం, వెనకది ముందుకి జరపడం, ఇదే సొంతంగా రాయడమంటే అనుకున్నాను. ఆ వాక్యం కంటే మంచి ఇంగ్లీషు నాకు రాదు కదా, దాన్ని వదలాలంటే భయం. దీన్ని ప్యాచ్‌రైటింగ్ అంటారని తర్వాత తెలిసింది. దీన్ని దొంగతనంగా కాక నేర్చుకునే దశగా చూడాలని రచనాబోధన మీద పరిశోధించే రెబెక్కా హోవర్డ్ వాదిస్తారు. నాకైతే ఆ వాదన నూటికి నూరుపాళ్ళు నిజం.

మా గైడ్ మేడమ్ కేకలేస్తారనుకుంటూ వెళ్ళాను. ఆవిడ రిపోర్టు పక్కన పెట్టి, ఎక్కువ ఎరుపు పడిన పేపర్ తీసి బోర్లించారు. “ఇందులో ఏముందో తెలుగులో చెప్పు” అన్నారు.

చెప్పాను. “భూగర్భజలం మట్టం పైకొచ్చిన చోట ఉప్పు పైపొరలో పేరుకుంటోందట మేడమ్. కాకపోతే వాళ్ళు చూసింది రెండు పంటకాలాలేనట. అన్ని నేలలకీ ఇలాగే ఉంటుందని చెప్పలేమంటున్నారు. నాకైతే నేల రకాన్నిబట్టి మారొచ్చేమో అనిపిస్తోంది.”

మేడమ్ నేను చెప్పిందంతా కాగితం మీద రాసుకుని ‘ట’, ‘అంటున్నారు’, ‘ఏమో’, ‘అనిపిస్తోంది’ల చుట్టూ సున్నాలు చుట్టారు. తర్వాత నా చాప్టర్లో అదే పేరా ముందు పెట్టారు. “ఇవన్నీ ఇందులో ఎక్కడున్నాయి?” అన్నారు.

ఒక్కటీ లేదు. పైకి వస్తే ఉప్పు పేరుతుంది, అంతే. ఎవరన్నారో లేదు, ఎంతవరకు అన్నారో లేదు, నేనేమనుకుంటున్నానో అసలే లేదు. తెలుగులో ఎవరూ నేర్పకుండానే ‘ట’ అన్న ఒక్క అక్షరంతో “ఇది నా మాట కాదు” అని చెప్పేస్తాం. ఇంగ్లీషులో దానికి మనిషి పేరు, సంవత్సరం, సరైన క్రియ కావాలి. ఆ క్రియ దగ్గరే అసలు ప్రాణం ఉంది. ‘షో’ అని రాస్తే వాళ్ళ మాట నువ్వూ ఒప్పుకున్నట్టు. ‘క్లెయిమ్’ అంటే కాస్త దూరం జరిగినట్టు. ‘సజెస్ట్’ అంటే ఆధారం ఉంది గానీ తీర్పు చెప్పేంత లేదన్నట్టు. నేను అన్నిచోట్లా ‘ప్రూవ్’ అని రాశాను, అది బలంగా ఉంటుందని.

ఈ సంగతి క్లాసులో ఎవరైనా చెప్పారా? లేదు. ఆర్టికల్స్ మీద మాత్రం ఏళ్ళ తరబడి క్లాసులు. తెలుగులో ఆర్టికల్సే లేవు, తప్పులు దొర్లుతాయి, దొర్లనివ్వండి. ‘ద’ లేకపోతే అర్థం ఆగిపోయే వాక్యాలు ఎన్నుంటాయి? పదాల పట్టికలూ అంతే. ఎవెరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో వేసిన అకడమిక్ వర్డ్ లిస్టులో 570 పదకుటుంబాలు, అంటే ఒకే మూలమాట నుంచి వచ్చిన మాటల గుంపులు, ఉన్నాయి. మంచి పట్టికే, శ్రద్ధగా బట్టీపట్టాను. కానీ ఏ మాట ఎవరి నోట పెట్టాలో ఏ పట్టికా చెప్పదు.

ఇప్పటి పిల్లలకి ఇంకో గండం వచ్చిపడింది. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లీషు మాతృభాష కానివాళ్ళు టోఫెల్‌కి రాసిన 91 వ్యాసాలను రాసింది మనిషా యంత్రమా అని చెప్పే ఏడు ఏఐ డిటెక్టర్లకి ఇచ్చి చూశారు. సగటున సగానికి పైగా వ్యాసాలను అవి ఏఐ రాసినవిగా లెక్కేశాయి. తెలిసిన కొద్ది మాటలతో జాగ్రత్తగా రాస్తే యంత్రం రాసినట్టు కనిపిస్తోందన్నమాట. కష్టపడి సొంతంగా రాసిన పిల్లని నిలబెట్టి సంజాయిషీ అడగడం ఘోరం. ఆ స్కోరు ఒక్కటే చూసి మార్కులు కోసే పద్ధతిని వెంటనే మానెయ్యాలి.

మేడమ్ గదిలోంచి వచ్చాక నేను చేసింది ఇది. పేపర్ చదవడం, మూసెయ్యడం, అందులో ఉన్నది స్నేహితుడికి చెప్తున్నట్టు నోట్‌బుక్కులో తెలుగులో రాయడం. ప్రతి ‘ట’ కింద ఎర్రగీత. ఇంగ్లీషులోకి వెళ్ళేటప్పుడు గీత ఉన్నచోటల్లా ఒక పేరు, ఒక క్రియ. ‘ఏమో’ ఉన్నచోట ‘మే’. ‘అనిపిస్తోంది’ ఉన్నచోట నా వాక్యం, నా బాధ్యత మీద. చాప్టర్ మొత్తం తిరగరాయడానికి నెల పట్టింది.

రెండోసారి ఇచ్చినప్పుడు మేడమ్ పెన్సిలుతో 11 చోట్ల ‘ద’ చేర్చి, ఇంకేమీ దిద్దకుండా సంతకం పెట్టారు.