విసుగొచ్చిన రోజు నిర్ణయాలు వద్దు

నెల్లూరు

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

జూన్ మొదటివారంలో మీరంతా అమెరికా వదిలి ఇక్కడికే వచ్చేస్తున్నారని అక్కయ్య చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ గొంతు విని చాలా రోజులకు నాకు మనసు నిండింది. అయితే మొన్న నువ్వు ఫోన్‌లో, "వస్తాం సరే మామయ్యా, ఉండగలమా?" అన్నావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఇలా రాస్తున్నాను.

2004లో మేం న్యూజెర్సీ నుంచి వచ్చాం. ఆ తర్వాత మన బంధువుల్లో, మా వీధిలో అట్లా తిరిగొచ్చిన కుటుంబాలను చాలా చూశాను. కొందరు కుదురుకున్నారు. కొందరు ఏడాది తిరక్కుండా మళ్ళీ విమానం ఎక్కారు. వెళ్ళిపోయినవాళ్ళలో పెద్ద ఆపద వచ్చి వెళ్ళినవాళ్ళు తక్కువ. కరెంటు, దోమలు, బ్యాంకు, ప్లంబరు, హారన్లు, చుట్టాల ప్రశ్నలు, ఇవే. ఒక్కోటి విడిగా చూస్తే ఏమీ లేదు. కానీ చిరాకు పుట్టిన ప్రతిసారీ ఇంట్లో ఎవరో ఒకరు "వచ్చి పొరపాటు చేశాం" అంటారు. ఆ మాట పిల్లల చెవిన పడుతుంది. ఆరు నెలలకు ఇంటిల్లిపాదీ దాన్నే నమ్ముతారు. నువ్వు వస్తున్నది అమ్మ కోసం. ప్లంబరు రాకపోవడం ప్లంబరు సంగతి. ఈ రెంటినీ ఒకదానితో ఒకటి ముడిపెట్టొద్దమ్మా. మొదటి ఏడాది పూర్తయ్యేదాకా ఉండాలా పోవాలా అన్న చర్చే ఇంట్లో పెట్టొద్దని అల్లుడుగారితో ఇప్పుడే మాట్లాడుకో.

ముందు కాగితాల సంగతి చెప్తాను. అన్నిటికంటే ఎక్కువ ఏడిపించేవి ఇవే, కానీ సగం అక్కడుండగానే తీర్చుకోవచ్చు.

నీ పేరే తీసుకో. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు పొడి అక్షరంగా ఉంది. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు నిండుగా చివరికి పోయింది. గ్రీన్‌కార్డులో అల్లుడుగారి ఇంటిపేరు చేరింది. పాన్ కార్డు మీ నాన్న ఉన్నప్పుడు తీసింది, అందులో మళ్ళీ పొడి అక్షరమే. అక్కడ ఎవరూ పట్టించుకోలేదు. ఇక్కడ బ్యాంకు కౌంటర్లో కూర్చున్న అమ్మాయి పాన్, పాస్‌పోర్టు పక్కపక్కన పెట్టుకుని, ఒక వేలు దాని మీద, ఒక వేలు దీని మీద ఆనించి అక్షరం అక్షరం చూసి, "నేమ్ మిస్‌మ్యాచ్ మేడమ్, సిస్టమ్ తీసుకోదు" అని వెనక్కిచ్చేస్తుంది. ఆ అమ్మాయి తప్పు కాదు, నిజంగానే తీసుకోదు. గ్యాస్ కనెక్షన్‌కూ, పొలం కాగితాలకూ, ఇన్సూరెన్సుకూ ఇదే తంతు. అందుకని పాస్‌పోర్టులో ఎట్లా ఉందో అదే నీ పేరు అని ఇవాళే తేల్చుకో. పాన్ కార్డు దానికి సరిపోయేట్టు అక్కడి నుంచే ఆన్‌లైన్‌లో మార్పించుకో. వచ్చాక ఆధార్ కూడా అదే స్పెల్లింగుతో. ఆధార్‌లో పేరు రెండుసార్లకు మించి మార్చనివ్వరు. ఎన్‌రోల్ చేసే కుర్రాడు కొట్టింది నీ ఎదురుగా ఉన్న స్క్రీన్ మీద నిదానంగా చదివి, ఆ తర్వాతే సరేనను. వెనక లైన్లో వాళ్ళు తొందరపెట్టినా సరే.

నీది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి దిగిన మర్నాడే ఆధార్‌కు వెళ్ళొచ్చు. అల్లుడుగారిదీ పిల్లలదీ ఓసీఐ, అంటే మన మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే కార్డు. వాళ్ళు దరఖాస్తు చేసేనాటికి, వెనకటి 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండి ఉండాలి. అప్పటిదాకా వెళ్ళిన ప్రతిచోటా "ఆధార్ లేదా?" అని వింతగా చూస్తారు. పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు కాపీలు ఒక ఫైల్లో పెట్టుకుని, ఫలానా నెలలో ఇస్తామని రాసిచ్చి రండి. పిల్లల బర్త్ సర్టిఫికెట్ల మీద అపోస్టిల్, అంటే వేరే దేశంలో చెల్లేట్టు అక్కడి ప్రభుత్వం వేసే ముద్ర, అక్కడే వేయించుకో. ఇక్కడికొచ్చాక దానికోసం మళ్ళీ అమెరికాకు కాగితాలు పంపడం పెద్ద టెన్షన్.

ఇంకొకటి ఫోన్ నంబరు. ఓటీపీ రాకపోతే ఇక్కడ అడుగు ముందుకు పడదు. బ్యాంకులో ఉన్నది ఏ నంబరో చూసుకుని, ఒక్క ఇండియా నంబరునే అన్నిటికీ ఇచ్చి, దాన్ని ఇక మార్చకు.

డబ్బు విషయం ఆడిటర్‌తో కూర్చుని మాట్లాడండి, నేను ముఖ్యమైనవే చెప్తాను. స్థిరపడటానికే వచ్చారు కాబట్టి ఎన్నారై ఖాతాలను రెసిడెంట్ ఖాతాలుగా మార్చమని బ్యాంకుకు చెప్పాలి. అది మన బాధ్యత, వాళ్ళు గుర్తుచేయరు. డాలర్లు డాలర్లుగానే ఉంచుకోవాలంటే ఆర్ఎఫ్‌సీ (రెసిడెంట్ ఫారిన్ కరెన్సీ) ఖాతా ఉంది. వెనకటి పదేళ్ళలో తొమ్మిదేళ్ళు నాన్ రెసిడెంట్‌గా ఉన్నా, వెనకటి ఏడేళ్ళలో ఇండియాలో ఉన్నది మొత్తం 729 రోజులు దాటకపోయినా, కొత్తగా వచ్చినవాళ్ళను పన్ను లెక్కల్లో ఆర్ఎన్ఓఆర్ అంటారు, అంటే ఇంకా పూర్తి రెసిడెంట్ కానివాళ్ళని. ఆ రెండు మూడేళ్ళు మీ అమెరికా వడ్డీలు, డివిడెండ్ల మీద ఇక్కడ పన్ను ఉండదు. అక్కడి షేర్లు అమ్మడం, ఖాతాలు సర్దుకోవడం లాంటివి ఆ గడువులోగా చూసుకోండి. చాలామంది ఈ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోతుంది.

అల్లుడుగారికి బీపీ ఉందన్నావు. హెల్త్ ఇన్సూరెన్స్ వచ్చీ రాగానే తీసుకోండి, బీపీ సంగతి దాచకుండా రాయండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ళ దాకా వెయిటింగ్ పెట్టే వీలుంది కంపెనీలకు. ఆ మూడేళ్ళు ఎంత ముందు మొదలైతే అంత మంచిది.

ఆయనకు మన ఊరి వైపు పొలం కొనాలని ఉందని అక్కయ్య చెప్పింది. మంచి ఆలోచనే, కానీ ఓసీఐ ఉన్నవాళ్ళు వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా రావచ్చు, కొనడానికి లేదు. కొంటే నీ పేరున కొనాలి. అదీ పాత అమ్మకాలూ తాకట్లూ చూపే ఈసీ తీసి, సాగు, హక్కు రికార్డులైన అడంగల్, 1బీ చూసి, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22ఏ జాబితాలో లేదని రూఢి చేసుకున్నాకే. మొదటి ఏడాదిలో ఎవరెంత బతిమాలినా కొనొద్దు. మీరొచ్చారని తెలియగానే బ్రోకర్లు గుమ్మం ముందుంటారు.

సామాన్లలో మిక్సీ, హెయిర్ డ్రయ్యర్, రైస్ కుక్కర్ తేవద్దు. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టుకుని వాడే బాధ కంటే ట్రంకు రోడ్డులో కొత్తవి కొనుక్కోవడం సుఖం.

అక్కయ్య ఇల్లు పాతది. మీరు దిగేది రోహిణి కార్తెలో. వచ్చీ రాగానే మూడు గదులకూ ఏసీలు పెట్టించాలనుకుంటారు. ఆ ఇంటి మీటరుకు రాయించుకున్న లోడ్ ఫ్యాన్లకూ ఫ్రిజ్జుకూ సరిపోయేంతే. లోడ్ పెంచమని కరెంటాఫీసులో ఇప్పుడే అప్లికేషన్ పెట్టిస్తాను. మీటరు ఇంకా బావగారి పేరునే ఉంది, దాన్ని అక్కయ్య పేరుకు మార్పించే పని కూడా దాంతోనే అయిపోతుంది. ఇన్వర్టరు ఫ్యాన్లను నడుపుతుంది గానీ ఏసీని కాదని పిల్లలకు ముందే చెప్పు. దోమల సంగతి నీకు నేను చెప్పాలా, నెల్లూరులో పుట్టినదానివి. కిటికీలన్నిటికీ మెష్‌లు కొట్టిస్తున్నాను. తాగడానికి క్యాన్ నీళ్ళే. వానాకాలం ఇక్కడ అక్టోబరు నుంచి. గట్టి వాన పడిన రోజు మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి కింద నీళ్ళు నిలుస్తాయి, స్కూలు వ్యాను చుట్టూ తిరిగి ఆలస్యంగా వస్తుంది. కంగారు పడకు.

ఇక మనుషులు. ఇక్కడే అసలైన ఓపిక కావాలి.

ప్లంబరుకు ఫోన్ చేస్తావు. "పది నిమిషాల్లో ఉంటా మేడమ్" అంటాడు. గంటకు మళ్ళీ చేస్తే "ఆత్మకూరు బస్టాండ్ కాడ ఉన్నా, వచ్చేస్తున్నా" అంటాడు. సాయంత్రం ఫోన్ ఎత్తడు. అతను నిన్ను లెక్కచేయక కాదు. రానని చెబితే నువ్వు నొచ్చుకుంటావని, ఉన్న పని వదులుకుంటే పూట గడవదని రెండు చోట్లా ఒప్పుకుంటాడు. నువ్వు చేయాల్సింది ఒకటే. ప్లంబరు, ఎలక్ట్రీషియను, కార్పెంటరు ఒక్కొక్కరినే ఎంచుకో. పేరు పెట్టి పిలువు, వచ్చినప్పుడు మంచినీళ్ళో టీయో ఇవ్వు, డబ్బు అక్కడికక్కడే చేతిలో పెట్టు, బేరంలో యాభై రూపాయల దగ్గర పట్టుపట్టకు. రెండోసారికి అతను వస్తాడు, మూడోసారికి రాత్రి మోటారు ఆగిపోయినా వస్తాడు. ఫోన్‌లో యాప్ ద్వారా నడిచే పనులు నెల్లూరులో కూడా పెరిగాయి, కాదనను. కానీ ఇల్లు నడిచేది ఇప్పటికీ ముఖ పరిచయం మీదే. మా ఇంటికొచ్చే వాళ్ళందరి నంబర్లూ నీకిస్తాను, ముందు నాతోపాటు ఒకసారి వాళ్ళను కలువు.

ఆఫీసులదీ అదే. వార్డు సచివాలయం దగ్గర్లోనే ఉంది, చాలా పనులు అక్కడ మొదలవుతాయి. ప్రభుత్వం వాట్సాప్‌లో పెట్టిన మన మిత్ర కూడా కొన్ని సర్టిఫికెట్లకు బాగా పనికొస్తోంది. ఏ పనికైనా ఉదయమే, అన్నీ రెండేసి జిరాక్సులతో, ఫొటోలతో వెళ్ళు. "మా అమెరికాలో అయితే" అని ఆ బల్ల ముందు ఒక్కసారి కూడా అనొద్దు. ఆ మాట విన్న తర్వాత అవతలి మనిషికి నీ ఫైలు మీద ప్రేమ ఉండదు. "ఇంకేం కాగితం తేవాలో చెప్పండి సార్, మళ్ళీ మళ్ళీ మీకు శ్రమ లేకుండా అన్నీ ఒకేసారి తెస్తాను" అని అడుగు. చాలామంది మంచిగానే చెబుతారు.

చెయ్యి చాచేవాళ్ళు ఉంటారు. ఇవ్వకు. ఇచ్చేస్తే పనైపోతుంది కదా అని నీకు సలహా ఇచ్చేవాళ్ళే ఎక్కువ, బయటి నుంచి వచ్చినవాళ్ళ దగ్గర డబ్బు ఉందని రేటు కూడా ఎక్కువే అడుగుతారు. ఫీజు కట్టి రసీదు తీసుకో, అప్లికేషన్ నంబరు రాసుకో. ఆపి కూర్చుంటే సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్ ఉంది, అర్జీ అక్కడ ఇవ్వు. నేను తోడొస్తాను. నెల ఆలస్యమైతే అయింది. మనలాంటివాళ్ళకు నెల ఆగే స్తోమత ఉంది, ఆ స్తోమత లేనివాళ్ళు మన వెనకే లైన్లో ఉన్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం నువ్వు మెత్తబడితే నాకు బాధగా ఉంటుంది.

చుట్టాలు చెప్పకుండా వస్తారు. "ఏందమ్మా వచ్చేశారు, ఉద్యోగం పోయిందా?" అని కాఫీ గ్లాసు చేతిలోకి తీసుకోకముందే అడుగుతారు. జీతమెంత, ఇల్లు అమ్మారా, ఎంతకు అమ్మారు, ఇవీ అడుగుతారు. అందులో ఎత్తిపొడుపు ఉన్నవాళ్ళు ఒకరిద్దరు ఉంటారేమో. మిగతావాళ్ళకు మాట కలపడానికి అదే దారి. "అమ్మ దగ్గరుందామని వచ్చాం పిన్నీ" అని ఒకే జవాబు, నువ్వూ అల్లుడుగారూ పిల్లలూ అదే మాట. డబ్బు అప్పు అడిగితే, ఇవ్వదలిస్తే తిరిగి రాదనుకున్నంతే ఇవ్వు. లేకపోతే సూటిగా లేదను. చూద్దాంలే అంటే ఏడాదిపాటు తిరుగుతారు.

అల్లుడుగారు మొదటి మూడు నెలలు బండి నడపకుండా డ్రైవరును పెట్టుకుంటే మేలు. మినీ బైపాస్‌లో ఎదురు వచ్చే బైకులను చూస్తే ఆయనకు రక్తపోటు పెరుగుతుంది. హారన్ కొట్టేది తిట్టడానికి కాదు, పక్కనే ఉన్నానని చెప్పడానికి. అది చెవికి అలవాటయ్యాక స్టీరింగు పట్టుకోమను.

పిల్లల గురించి నాకు ఎక్కువ బెంగ పెద్దదాని మీదే. చిన్నాడు వారంలో కలిసిపోతాడు. పద్నాలుగేళ్ళ పిల్లకు స్నేహితులను వదిలి రావడం పెద్ద దుఃఖం, దాన్ని సర్దిచెప్పి తీసిపారేయకండి. బడి ఎంచేముందు నన్నడిగితే పెద్ద పేరున్నదాని కంటే ఆటస్థలం ఉన్నది చూడమంటాను. మాట్లాడే తెలుగు వచ్చు గానీ రాయడం రాదు కాబట్టి, రెండో భాష సంగతి అడ్మిషన్ రోజే తేల్చుకో. దానికి డాక్టరు కావాలని ఉందన్నావు. 2021 మార్చి 4న వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ పిల్లలకు నీట్‌లో ఎన్నారై సీట్లు తప్ప ఇక్కడి పౌరులకు ఉంచిన సీట్లు రావు. ఆ తేదీ తర్వాత ఓసీఐ కార్డు తీసుకున్నవాళ్ళకే అది వర్తించాలని సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో చెప్పింది, కాబట్టి మన పిల్ల కార్డు అంతకుముందు తీసుకున్నదైతే దారి ఉంది. అయినా దాని పాత ఓసీఐ కార్డును జాగ్రత్తగా దాచు, పరీక్ష రాసే ఏడాది నోటిఫికేషన్ అక్షరం వదలకుండా చదవండి.

ఇంట్లో వారానికో రోజు రాత్రి భోజనాలయ్యాక, ఆ వారం ఎవరికి ఏది కష్టమైందో చెప్పుకోనివ్వు. పిల్లలు అమెరికాను తలచుకుంటే మధ్యలో ఆపకండి. మీ అత్తా నేనూ అట్లాగే గడిపాం. చెప్పుకున్నాక అందులో చేయగలిగిన పనులు రాసుకునేవాళ్ళం, మిగతావి ఆ రాత్రికి వదిలేసేవాళ్ళం.

ఈ వారంలో మీ నలుగురి పాస్‌పోర్టుల మొదటి పేజీలు, మూడు ఓసీఐ కార్డులు, మీ ఇద్దరి పాన్ కార్డులు స్కాన్ చేసి పంపు. పేర్లన్నీ పక్కపక్కన రాసి ఎక్కడ తేడా ఉందో చూసి చెప్తాను. విమానం టిక్కెట్లు ఖాయమైతే చెన్నైలో దిగే టైమ్ కూడా రాయి. అర్ధరాత్రి దిగితే తెల్లవారే దాకా ఎయిర్‌పోర్టు దగ్గరే గది తీసుకుని, టిఫిన్ చేసుకుని బయల్దేరదాం. పెట్టెలకు సరిపోయే బండి మాట్లాడి నేనే వస్తాను.

మీ మామయ్య